మందపాటి కార్డు మీద ఫ్రంట్‌కీ బ్యాక్‌కీ కుదరడం లేదా? సెట్టింగు ముట్టుకునే ముందు కాగితాన్ని కొలవండి

అడిగిన సంగతి ఇది: అనంతపురంలో టోనర్ డిజిటల్ ప్రెస్. 12×18 అంగుళాల 350 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 350 గ్రాముల బరువున్న) ఆర్ట్ కార్డు మీద విజిటింగ్ కార్డులు, శుభలేఖలు రెండు వైపులా వేస్తున్నారు. ఫ్రంట్‌కీ బ్యాక్‌కీ 1 నుంచి 2 మి.మీ. తేడా వస్తోంది. కొన్ని షీట్లు మాత్రం సరిగ్గానే వస్తున్నాయి. ఇంజనీరు వచ్చి సరిచేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. 130 జి.ఎస్.ఎం. మీద ఈ ఇబ్బంది లేదు.

మీరు రాసినదాంట్లో అసలు ముక్క "కొన్ని షీట్లు సరిగ్గానే వస్తున్నాయి" అన్నది. సెట్టింగు తప్పయితే అన్ని షీట్లూ ఒకే దిక్కుకు, ఒకే కొలతలో జరగాలి. ఒక్కో షీటు ఒక్కోలా జరుగుతోందంటే తప్పు కాగితం కోతలోనైనా ఉండాలి, కాగితం మిషన్లోకి వెళ్లే తీరులోనైనా ఉండాలి. ఇంజనీరు ఆ రోజు ట్రేలో ఉన్న కట్టకు సరిపోయేలా అంకెలు మారుస్తారు. ఆ కట్ట అయిపోయి కొత్తది పడగానే ఆ అంకెలు చెల్లవు. రెండు రోజులకే మొదటికి రావడానికి చాలాచోట్ల కారణం ఇదే. అందుకని ముందు తేల్చాల్సింది ఒకటే: మీ తేడా స్థిరంగా ఉందా, తిరుగుతోందా?

దీనికి ఒక చార్టు కావాలి. కోరెల్‌డ్రాలో 12×18 పేజీ తీసుకుని నాలుగు మూలల్లోనూ అంచుల నుంచి 12 మి.మీ. లోపలికి ఒక్కో ప్లస్ గుర్తు పెట్టండి. గీత 0.1 మి.మీ. మందం చాలు. రంగు ఒట్టి నలుపే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే రంగుల మధ్య ఉన్న తేడా కూడా కొలతలో కలిసిపోతుంది. రెండో పేజీలో కూడా అవే గుర్తులు, అవే చోట్ల. మిషన్లోకి ముందుగా వెళ్లే అంచు ఏదో తెలిసేలా ఒక బాణం గీయండి. ఇక్కడి నుంచి ఆ అంచును తల అంచు అంటాను, దాని ఎదుటి దాన్ని తోక అంచు అంటాను.

మిషన్ చల్లగా ఉన్నప్పుడు చార్టు వేయొద్దు. ముందు ఓ ఇరవై వేస్టు షీట్లు రెండు వైపులా నడపండి, ఫ్యూజర్ (టోనరును వేడితో కాగితానికి అతికించే భాగం) వేడి నిలబడుతుంది. ఆ తర్వాత 10 షీట్లు చార్టు వేసి, వచ్చిన వరుసలోనే పెన్సిల్‌తో 1 నుంచి 10 దాకా నంబర్లు రాయండి. 350 జి.ఎస్.ఎం. కార్డును వెలుతురుకు పట్టి చూస్తే గీత స్పష్టంగా కనపడదు. సన్న గుండుసూదిని ఫ్రంట్ వైపు ప్లస్ మధ్యలో నిట్టనిలువుగా గుచ్చండి. బ్యాక్ వైపు రంధ్రానికీ అక్కడి ప్లస్ మధ్యకీ ఎంత దూరముందో స్కేలున్న భూతద్దంతో చూడండి. అది లేకపోతే అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, మంచి వెలుతురు చాలు. తల వైపు ఎంత, పక్కకు ఎంత అని నాలుగు మూలలకూ విడివిడిగా రాసుకోండి.

ఇప్పుడు ఒక మూల అంకెలు తీసుకుని వరుసగా చూడండి. 1.3, 1.4, 1.2, 1.4, 1.3 ఇలా ఉంటే తేడా స్థిరం. అది సెట్టింగుతో పోతుంది. 0.1, 1.2, 0.2, 1.3, 1.1, 0.1 ఇలా రెండు గుంపులుగా ఉంటే కాగితం కోతలో తేడా ఉంది. 0.2, 0.9, మైనస్ 0.6, 1.5 ఇలా ఒక తీరూ తెన్నూ లేకుండా ఉంటే షీటు మిషన్లోకి వెళ్లేటప్పుడు జారుతోంది లేదా వంకర తిరుగుతోంది. మీ వర్ణన బట్టి చూస్తే మీది రెండోదిగానీ, రెండూ మూడూ కలిసిందిగానీ అయ్యుండాలి.

కోత తేడా బ్యాక్ వైపు ఎందుకు బయటపడుతుందో తెలుసుకుంటే సగం భారం దిగుతుంది. ఆటో డ్యూప్లెక్స్‌లో, అంటే మిషనే తిప్పి రెండు వైపులా వేసే పద్ధతిలో, షీటు ఫ్రంట్ అచ్చయ్యాక వెనక్కి తిరిగి మళ్లీ వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇందాకటి తోక అంచు ఇప్పుడు తల అంచు అవుతుంది. ఫ్రంట్ బొమ్మను మిషన్ ఒక అంచు నుంచి కొలిచి పెట్టింది, బ్యాక్ బొమ్మను ఎదుటి అంచు నుంచి కొలిచి పెడుతోంది. రెండు అంచుల మధ్య దూరం, అంటే షీటు పొడవు, ట్రేలో మీరు చెప్పిన 457.2 మి.మీ. అయితే రెండూ కుదురుతాయి. షీటు నిజంగా 456 మి.మీ. ఉంటే బ్యాక్ సరిగ్గా 1.2 మి.మీ. జరుగుతుంది. పొడవులో ఎంత తేడా ఉంటే అంతా బ్యాక్‌లో కనిపిస్తుంది, ఎక్కడా తగ్గదు. షీటు పొడవును సెన్సరుతో కొలిచి దాన్ని బట్టి సర్దుకునే మిషన్లు ఉన్నాయి, అవి కొంత కాచుకుంటాయి. మిగతావి ట్రేలో రాసిన సైజునే నమ్ముతాయి.

తల, తోక అంచులు సమాంతరంగా లేకపోతే ఇంకో రకం నష్టం. ఎడమ పక్క పొడవు 457, కుడి పక్క 456.2 అనుకోండి. బ్యాక్ బొమ్మ ఒక పక్కకు 0.8 మి.మీ. తిరిగినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు మిషన్ వంకరగా లాగుతోందనుకుని స్క్యూ (వంకర సరిచేసే) సెట్టింగు మారుస్తారు. ఒక కట్టకు అది కుదిరినట్టే ఉంటుంది. తర్వాతి కట్టను తిరగేసి పెట్టగానే తేడా రెట్టింపవుతుంది.

ఇక ఆ రెండు గుంపులు ఎక్కడి నుంచి వస్తాయంటారా? మన జిల్లాల్లో 12×18 షీట్లు చాలావరకు మిల్లులో ఆ సైజుకు కోసినవి కావు. పేపరు షాపులో 25×36 పెద్ద షీటును నాలుగు ముక్కలు చేసి ఇస్తారు. 36 అంగుళాల వైపు కోసేటప్పుడు కటింగ్ మిషన్ గేజ్‌ను 18కి పెట్టి బ్లేడు వేస్తారు. గేజ్‌కు ఆనుకున్న సగం కచ్చితంగా 18 అంగుళాలు వస్తుంది. బయటి సగం మాత్రం మిగిలినంత వస్తుంది. పెద్ద షీటు మిల్లు నుంచే 1 మి.మీ. తక్కువగానో ఎక్కువగానో వచ్చుంటే ఆ లోటంతా ఈ సగానికే పడుతుంది. రెండు సగాలనూ ఒకే కట్టలో చుట్టి ఇస్తారు. మీ ట్రేలో రెండు పొడవుల షీట్లు కలిసి కూర్చుంటాయి. 130 జి.ఎస్.ఎం. మీరు మిల్లు ప్యాకింగ్‌లో కొంటున్నారేమో ఒకసారి చూడండి. అలాగైతే దానికి ఈ బాధ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కొలవడం తేలిక. కట్టలో పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి ఇరవై షీట్లు తీయండి. తల అంచును గట్టి బల్ల మీద తట్టి సమం చేసి, ఎదుటి అంచును వేలితో తడమండి. మెట్టు తగిలితే పొడవులు వేరు. మూలమట్టం సరిగ్గా ఉందో లేదో చూడడానికి రెండు షీట్లు తీసుకుని ఒకదాన్ని బోర్లించి రెండో దాని మీద పెట్టండి. ఒక పొడుగు అంచు, ఒక మూల కలపండి. పొట్టి అంచుల దగ్గర సందు కనిపిస్తే అందులో సగం మీ అసలు తప్పు. కర్ణాలు కొలిచినా సరే: 12×18కి రెండు కర్ణాలూ సుమారు 549.5 మి.మీ. రావాలి, ముఖ్యంగా రెండూ సమానంగా ఉండాలి. పొడవులో 0.3 మి.మీ. దాటిన తేడా ఉన్న కట్టతో రెండు వైపుల పని మొదలుపెట్టకండి. తర్వాత ఎన్ని సెట్టింగులు మార్చినా ఆ సమయం దండగే.

పరిష్కారం సైజు తగ్గించుకోవడం. 36లో రెండు 18లు తీస్తే కోయడానికి అంచు మిగలదు కాబట్టి 12×18 కచ్చితంగా రావడం కష్టం. అదే నాలుగు ముక్కల్ని, అంటే 12.5×18 ముక్కల్ని, నాలుగు పక్కలా మళ్లీ చెక్కించి 305×450 మి.మీ. చేయించండి. రెండు సగాలకూ అదే 450 గేజ్ పడుతుంది కాబట్టి పొడవు ఒకటే అవుతుంది. దొంతర 100 షీట్లకు మించొద్దు. 350 జి.ఎస్.ఎం.లో అదే 3 సెం.మీ. పైచిలుకు అవుతుంది. అంతకంటే మందంగా పెడితే బ్లేడు దిగేటప్పుడు పై షీట్లకూ కింది షీట్లకూ కోత తేడా వస్తుంది. ట్రేలో 12×18 అని వదిలేయకుండా కస్టమ్ సైజు 305×450 అని రాయండి. 90×54 మి.మీ. విజిటింగ్ కార్డులు అడ్డం మూడు, నిలువు ఎనిమిది పెడితే 270×432 అవుతుంది. చుట్టూ 3 మి.మీ. బ్లీడు (కోతలో పోయేలా అదనంగా వేసే అచ్చు) కలిపి 276×438. షీటుకు 24 కార్డులు హాయిగా పడతాయి, సైజు తగ్గించినందుకు ఒక్క కార్డూ పోదు.

చెక్కించిన దొంతర పక్కన ఒక మూల దగ్గర మార్కరుతో పైనుంచి కిందికి ఒక గీత లాగండి. ప్రతి షీటు అంచు మీదా చిన్న చుక్క పడుతుంది. ట్రేలో పెట్టేటప్పుడు, కటింగ్‌కు ఇచ్చేటప్పుడు ఆ చుక్కలన్నీ ఒకే మూలకు ఉండాలి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లే చాలా మంచి పనులు కటింగ్ దగ్గర చెడిపోతున్నాయి. ఆ సంగతికి కింద వస్తాను.

కాగితం వాటం, అదే గ్రెయిన్, గురించి కూడా చూసుకోవాలి. పొడుగు వాటం షీటు 18 అంగుళాల వైపు గట్టిగా ఉంటుంది, మిషన్ లోపలి మలుపుల్లో వంగనని మొరాయిస్తుంది. పొట్టి వాటం షీటు రోలర్ల చుట్టూ తేలిగ్గా వంగుతుంది. కానీ కాగితం తేమకు వాటానికి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది, ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి పొట్టి వాటంలో ఆ మార్పు 18 అంగుళాల వైపు పడుతుంది. మలుపులు ఎక్కువున్న మిషన్లలో 300 దాటిన కార్డుకు పొట్టి వాటమే నయం, కుంచించుకోవడాన్ని సెట్టింగుతో సర్దుకోవచ్చు. మీ మిషన్ పుస్తకంలో మందపాటి కాగితానికి ఏ వాటం రాశారో అది పాటించండి. ఒకే ట్రేలో రెండు వాటాలు మాత్రం కలవకూడదు. అనుమానముంటే ఒక చిన్న ముక్కకు ఒక వైపు నీళ్లు రాయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కుకుందో అదే వాటం.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కిందికి పడిపోతుంది. పెళ్లిళ్ల పని ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. కాగితానికి కావాల్సింది 45 నుంచి 55 శాతం తేమ, 22 నుంచి 25 డిగ్రీల వేడి. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో లారీలో టార్పాలిన్ కింద కాలి వచ్చిన కట్టను దించీ దించగానే విప్పితే అంచులు ముందు ఆరిపోతాయి, మధ్యభాగం అలాగే ఉంటుంది. అప్పుడు షీటు పళ్లెంలా గుంతపడుతుంది. తల అంచు రిజిస్ట్రేషన్ రోలరును (షీటును ఆపి, తిన్నగా సర్ది లోపలికి వదిలే రోలరు) ఒకేసారి తాకదు. మధ్య ముందో, మూలలు ముందో తాకుతాయి. అక్కడే వంకర మొదలు.

కాబట్టి కట్టను చుట్టిన కాగితం విప్పకుండా మిషన్ ఉన్న గదిలో కనీసం ఒక రోజు, పెద్ద దొంతర అయితే రెండు రోజులు ఉంచండి. నేల మీద కాదు, చెక్క మీద. వాడబోయే ముందు మాత్రమే విప్పండి. మిగిలినవి వెంటనే పాలిథిన్‌లో చుట్టేయండి. గదిలో ఒక తేమ మీటరు పెట్టుకోండి, ఖరీదు పెద్దగా ఉండదు.

ఎయిర్ కూలరు విషయంలో జాగ్రత్త. మన దగ్గర వేసవిలో ప్రతి షాపులో కూలరు తిరుగుతుంది. దాని గాలి నేరుగా తగిలే చోట తేమ బాగా పెరిగిపోతుంది, నాలుగు అడుగుల అవతల పొడిగానే ఉంటుంది. ఆ గాలి తగిలే కట్టలో ఒక పక్క షీట్లు ఉబ్బి అలలు పోతాయి. ఏసీ మంచిదే, కానీ అది గదిని ఇంకా ఆరబెడుతుంది. ఏసీ గదిలో తేమ 40 కిందికి పడుతుంటే ఒక హ్యూమిడిఫయరు పెట్టుకోవాలి. పొడి గదిలో ఇంకో చిక్కు ఉంది: కోటింగున్న కార్డులో స్టాటిక్ కరెంటు చేరి షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫీడ్ రోలరు పై షీటును లాగేటప్పుడు కింది షీటు వెనక్కి పట్టుకుంటుంది, షీటు ఒక క్షణం ఆలస్యంగా బయల్దేరుతుంది. చార్టులో కనిపించే ఆ మూడో రకం అంకెలకు మొదట అనుమానించాల్సింది దీన్నే.

షీటు వెళ్లే తీరు దగ్గరికొద్దాం. ట్రేలో పెట్టే ముందు కార్డును నాలుగు వైపులా విప్పి గాలి ఆడించండి. మిషన్‌కు గాలి ఊదే ట్రే ఉంటే అందులోనే వేయండి, కోటెడ్ కార్డుకు ఫ్యాన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. పక్కన చేత్తో కాగితం పెట్టే బైపాస్ ట్రే రిజిస్ట్రేషన్‌కు, అంటే బొమ్మ సరైన చోట పడడానికి, అన్నిటికంటే బలహీనం. ఒక్కటీ అరా షీట్లకు తప్ప వాడొద్దు. ట్రేను నిండా నింపకండి, సగానికి చాలు. పక్క గైడ్లు కాగితాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. తాకాక ఒక షీటును వేలితో ముందుకు తోస్తే ఒరుసుకోకుండా జారాలి. గట్టిగా బిగిస్తే కార్డు మధ్యలో ఉబ్బుతుంది, వదులైతే వంకరగా బయల్దేరుతుంది. బిగించడమే మంచిదనుకునేవాళ్లు ఎక్కువ, నష్టం కూడా అక్కడే ఎక్కువ.

రోలర్లు చూడండి. ఆర్ట్ కార్డు కోసిన అంచుల నుంచి తెల్లని సుద్దలాంటి పొడి రాలుతుంది. అది ఫీడ్ రోలర్ల రబ్బరు మీద పేరుకుంటే పట్టు పోతుంది. రబ్బరు మీద గోరు లాగితే తెల్లగా వస్తే అదే. నూలు రాలని గుడ్డను నీళ్లతో తడిపి, గట్టిగా పిండి, రోలరును తిప్పుతూ తుడవండి. థిన్నరు, పెట్రోలు ఎప్పుడూ వద్దు, రబ్బరు గట్టిపడి పగులుతుంది. రబ్బరు నున్నగా అద్దంలా మెరుస్తుంటే తుడవడంతో పోదు, మార్చాల్సిందే. రెండు రోలర్లలో ఒకటే అరిగినా షీటు ఆ వైపు వెనకబడి తిరుగుతుంది కాబట్టి జతగా మార్చాలి. బయట కోయించిన షీట్లయితే దొంతర అంచులను పొడి గుడ్డతో తుడిచి ట్రేలో పెట్టండి. అర నిమిషం పని, రోలరు ఎన్నో రోజులు ఎక్కువ వస్తుంది.

ట్రేలో కాగితం బరువు నిజంగా ఉన్నదే రాయాలి. 350 కార్డుకు 256 అనో 220 అనో రాస్తే మిషన్ వేగంగా నడుస్తుందని అలా పెట్టే అలవాటు ఉంది. ఇది మానేయండి. బరువును బట్టి మిషన్ ఒక్క ఫ్యూజర్ వేడినే కాదు, వేగాన్ని, టోనరు కాగితానికి మారే కరెంటును, రిజిస్ట్రేషన్ రోలరు దగ్గర షీటు ఎంత ఉబ్బి ఆగాలో ఆ లూపును కూడా నిర్ణయిస్తుంది. తల అంచు ఆగి ఉన్న రోలరుకు కొట్టుకుని, వెనక నుంచి తోసే కాగితం కాస్త ఉబ్బి, తల అంచు తిన్నగా సర్దుకున్నాకే రోలరు తిరుగుతుంది. వంకర సరిదిద్దేది ఈ ఉబ్బే. పలచటి కాగితానికి పెట్టిన లూపు మందపాటి కార్డుకు సరిపోదు. గట్టి కార్డు ఉబ్బదు, వెనక ఫీడ్ రోలరు జారుతుంది, షీటు వంకరగానే లోపలికి పోతుంది. బరువు సరిగ్గా రాసినా వంకర తిరుగుతుంటే లూపు సర్దుబాటు చేయించండి. సాధారణంగా ఇది సర్వీసు మెనూలో ఉంటుంది. కొద్దికొద్దిగా మార్చి ప్రతిసారీ 10 షీట్ల చార్టు వేయమని ఇంజనీరుకు చెప్పండి. లూపు మరీ ఎక్కువైతే కార్డు తల అంచు మీద నొక్కు గుర్తు పడుతుంది.

పైవన్నీ చూసుకున్నాక మళ్లీ చార్టు వేయండి. అంకెలు ఇప్పుడు 0.3 మి.మీ. లోపల గుమిగూడితేనే సెట్టింగులోకి వెళ్లండి. సెట్టింగుల్లో వరుస ముఖ్యం: మొదట వంకర, తర్వాత సాగుదల, చివరగా జరుగుడు. జరుగుడు ముందు సరిచేసి తర్వాత వంకర సరిచేస్తే జరుగుడు మళ్లీ మారిపోతుంది. మొదట ఫ్రంట్‌ను కాగితం అంచులకు సమాంతరం చేయండి, ఆ తర్వాతే బ్యాక్‌ను ఫ్రంట్‌కు కలపండి.

సాగుదల చాలామంది పట్టించుకోనిది. ఫ్రంట్ అచ్చయ్యాక ఫ్యూజర్ వేడికి కాగితంలో తేమ పోయి షీటు కొంచెం కుంచించుకుంటుంది. దాని మీదున్న బొమ్మ కూడా దాంతో పాటే చిన్నదవుతుంది. బ్యాక్ బొమ్మ మాత్రం ఆ కుంచించుకున్న షీటు మీద పూర్తి సైజులో పడుతుంది. తర్వాత రెండూ కలిసే కుంచించుకుంటాయి, కలిసే సాగుతాయి కాబట్టి ఆ తేడా అలాగే ఉండిపోతుంది. గుర్తుపట్టడం ఇలా: తల వైపు ప్లస్ గుర్తులు కలిసి, తోక వైపు గుర్తులు కలవకపోతే అది జరుగుడు కాదు, సాగుదల. చార్టులో తల గుర్తుకూ తోక గుర్తుకూ మధ్య ఫ్రంట్ వైపు 432.5, బ్యాక్ వైపు 433.2 మి.మీ. వచ్చిందనుకోండి. తేడా 0.7. దాన్ని 433తో భాగిస్తే సుమారు 0.16 శాతం. బ్యాక్ మాగ్నిఫికేషన్‌ను (బొమ్మ సైజు శాతాన్ని) ఆ దిక్కులో 99.84కి తగ్గించండి. అడ్డం దిక్కుకు కూడా విడిగా ఇదే లెక్క. చాలా మిషన్లలో ఈ మాగ్నిఫికేషన్ కాగితం ప్రొఫైల్‌లోనే (ఒక్కో కాగితానికి మిషన్లో దాచుకునే సెట్టింగులు) సైడ్ 1, సైడ్ 2 అని విడిగా ఉంటుంది.

జరుగుడు అంకెల్లో ప్లస్, మైనస్ ఎటు జరుపుతాయో కంపెనీ కంపెనీకీ మారుతుంది. ఊహించకండి. తెలియకపోతే ప్లస్ 1.0 వేసి ఒక షీటు తీసి చూడండి, దిక్కు తెలిసిపోతుంది. ఆ తర్వాత పది షీట్ల సరాసరి తీసుకుని దాన్నే వేయండి. ఒక్క షీటు చూసి అంకె మార్చడం, మళ్లీ ఇంకో షీటు చూసి వెనక్కి మార్చడం వల్లే ప్రొఫైళ్లు పాడవుతాయి. జెరాక్స్ వెర్సాంట్‌లో ఉన్న సీకా లాంటి టూలు, కోనికా మినోల్టా ఐక్యూ-501 లాంటి యూనిట్ మీ దగ్గర ఉంటే ఇదంతా మిషనే స్కాన్ చేసి చేసుకుంటుంది. అయినా షీట్ల పొడవులే వేరువేరుగా ఉంటే ఆ సరాసరి ఏ షీటుకూ కుదరదు.

ప్రతి కాగితానికీ విడి ప్రొఫైల్ పెట్టుకోండి. పేరులో బ్రాండు, జి.ఎస్.ఎం., వాటం, సైజు రాయండి: "గ్లాసీ ఆర్ట్ కార్డు 350 పొట్టి వాటం 305×450" అని. ఎండాకాలానికీ వానాకాలానికీ సాగుదల మారుతుంది కాబట్టి జూన్ తర్వాత ఒకసారి చార్టు వేసి సరిచూసుకోవాలి. ఈ తరగతి టోనరు మిషన్లకు కంపెనీలు సాధారణంగా 0.5 నుంచి 1 మి.మీ. లోపలి కచ్చితత్వాన్నే చెబుతాయి. 0.5కి తెచ్చుకుంటే మీ మిషన్ చేయగలిగినంతా చేస్తున్నట్టే.

మీ మిషన్ ఆటో డ్యూప్లెక్స్ పరిమితి ఎంతో పుస్తకంలో చూడండి. కొన్నిటికి 300 జి.ఎస్.ఎం. దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన మాన్యువల్‌గా తిప్పాల్సిందే. అలా తిప్పేటప్పుడు ఒక వెసులుబాటు ఉంది: తల అంచు మారకుండా, పుస్తకం పేజీ తిప్పినట్టు ఎడమ నుంచి కుడికి షీటును బోర్లించవచ్చు. రెండు వైపులకూ అదే తల అంచు కాబట్టి పొడవు తేడా అసలు లెక్కలోకే రాదు. వెడల్పులో తేడా మాత్రం పక్కకు కనిపిస్తుంది, కాబట్టి వెడల్పు కచ్చితంగా ఉన్న కట్టకే ఇది వాడండి. బ్యాక్ పేజీ తల దిక్కు దీనికి తగ్గట్టు ఇంపోజిషన్‌లో (షీటు మీద పేజీలు పేర్చే అమరికలో) మార్చాలి, ముందు ఒక్క షీటు వేసి చేతిలో తిప్పి చూసుకోండి. ట్రే సెట్టింగులో "రెండో వైపు" అన్న ఎంపిక ఉంటే అది తప్పక పెట్టండి, లేకపోతే మిషన్ ఫ్రంట్ మాగ్నిఫికేషన్‌నే వాడుతుంది. ఫ్రంట్ అయిన షీట్లను బరువు కింద చదునుగా చల్లారనిచ్చి, అదే పూట బ్యాక్ వేసేయండి. రాత్రంతా విప్పి ఉంచితే మన పొడిగాలికి అంచులు లేచిపోతాయి.

ఫైలు కూడా ఒకసారి చూడండి. రెండు పేజీల సైజులు ఒకటేనా? పీడీఎఫ్ ప్రింటిచ్చేటప్పుడు "ఫిట్ టు పేజ్" ఆన్‌లో ఉంటే ఒక వైపు 97 శాతానికి తగ్గి ఇంకో వైపు అలాగే ఉండిపోవచ్చు, అప్పుడు ఎంత సర్దినా మూలలు కలవవు. స్కేలు 100 శాతానికి బిగించండి. డిజైన్‌లో కార్డు అంచుకు 3 మి.మీ. లోపల సన్నని బోర్డరు గీత పెట్టొద్దని డీటీపీ వాళ్లకు గట్టిగా చెప్పండి. అర మిల్లీమీటరు జరిగినా 2 మి.మీ. అంచులో కొట్టొచ్చినట్టు కనపడుతుంది, 5 మి.మీ. అంచులో కనపడదు. శుభలేఖల మీద బంగారు బోర్డరు కావాలని అడిగేవాళ్లకు అంచు నుంచి 5 మి.మీ. లోపలికి ఉన్న నమూనానే చూపించండి.

నలుపు గీత పక్కన ఎరుపో నీలమో విడిగా కనిపిస్తుంటే అది వేరే జబ్బు, రంగుల రిజిస్ట్రేషన్. మిషన్ మెనూలో ఆటో కలర్ రిజిస్ట్రేషన్ నడపండి, అది దీనితో కలపొద్దు.

ఇక కటింగ్. సూదితో కొలిస్తే షీటు మీద 0.3 మి.మీ. తేడా ఉండి, కోసిన కార్డు మీద 1.5 మి.మీ. కనపడుతుంటే తప్పు ప్రెస్సుది కాదు. కోసేవాళ్లు దొంతరను మిషన్ వాడిన అంచులకే తట్టాలి. ఆ చుక్క ఉన్న మూలే గేజ్‌కు, పక్క పట్టీకి ఆనాలి. వేరే మూలకు తట్టి కోస్తే షీటు పొడవు తేడాలన్నీ మళ్లీ లోపలికొస్తాయి. ప్రతి కోతకూ దొంతర 2 సెం.మీ. చాలు. దొంతరను నొక్కి పట్టే క్లాంపు దిగేటప్పుడు పై షీట్లు ముందుకు లాగబడితే, పై కార్డుకూ అడుగు కార్డుకూ తేడా చూస్తే తెలుస్తుంది. అలా వస్తే బ్లేడు మొండిదైంది లేదా క్లాంపు ఒత్తిడి తేడాగా ఉంది. గ్లాసీ లామినేషన్ అయిన షీట్లు నున్నగా జారతాయి, వాటికి దొంతర ఇంకా తగ్గించండి. వేడి లామినేషన్‌కు షీటు మళ్లీ కొంచెం కుంచించుకుంటుంది కాబట్టి లామినేషన్ అయ్యాక గేజ్ కొలతను ఒక షీటు మీద సరిచూసి కోయించండి.

ఇవన్నీ చేశాక కూడా అంకెలు తిరుగుతూనే ఉంటే ఇంజనీరును పిలవండి. కానీ "బ్యాక్ జరుగుతోంది" అని ఊరికే చెప్పకండి. నంబర్లు రాసిన పది చార్టు షీట్లు, నాలుగు మూలల అంకెలు, కొలిచిన షీట్ల పొడవులు, గది తేమ, ఏ ట్రేలో వేశారో రాసి చేతికివ్వండి. కోత, తేమ, గైడ్లు కారణం కాదని ఆ కాగితం చెబుతుంది. వాళ్లు నేరుగా రిజిస్ట్రేషన్ రోలరు, దాని క్లచ్చు, డ్యూప్లెక్స్ దారిలోని రోలర్లు చూడగలుగుతారు. తేడా ఆటో డ్యూప్లెక్స్‌లోనే వచ్చి మాన్యువల్‌లో రాకపోతే ఆ మాట కూడా రాయండి, వెతకాల్సింది డ్యూప్లెక్స్ దారిలోనే అని తేలిపోతుంది.